కుట్టుపనిలో కడలి కథ

కుట్టుపని అనగానే ‘తీరికవేళ కాలక్షేపం’ అనేస్తారు చాలామంది. స్కాట్లాండ్‌లోని ఐమౌత్ అనే జాలర్ల ఊళ్లో ఆ మాట అనడం కష్టం.

1881 అక్టోబరు 14న విరుచుకుపడిన తుపానుకు ఆ తీరంలో 189 మంది జాలర్లు బలయ్యారు. వారిలో 129 మంది ఐమౌత్ వాళ్లే. కొన్ని పడవలైతే రేవు ముందరే, ఇంటివాళ్లు ఒడ్డున నిలబడి చూస్తుండగానే మునిగిపోయాయి. వందేళ్లు నిండిన సందర్భంగా ఆ ఊరి ఆడవాళ్లే కలిసి కూర్చుని ఆ విషాదాన్ని 15 అడుగుల టేపెస్ట్రీగా కుట్టారు.

‘వేట మగవాళ్లది కదా, మధ్యలో వీళ్లెందుకు?’ అంటారేమో! పడవలోకి వెళ్లే గాలాల తాడుకు ఎర గుచ్చింది ఎవరనుకున్నారు? ఇల్లాలే. ఆల్చిప్పలు ఒలవాలి, వందల గాలాలకు ఒక్కొక్కటిగా గుచ్చాలి, తాడు చిక్కుపడకుండా బుట్టలో చుట్టి పెట్టాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా సరే. వంటావార్పూ, పిల్లల పనీ ఎలాగూ తప్పవు. పడవ మునిగిందంటే భర్తతోపాటు ఆమె పనీ పోయినట్టే.

2016లో ఐమౌత్ ఒడ్డున శిల్పి జిల్ వాట్సన్ చేసిన కంచు శిల్పాన్ని నెలకొల్పారు. అందులో పడవల్లేవు, జాలర్లూ లేరు. సముద్రంకేసి చూస్తున్న భార్యలూ పిల్లలూ ఉన్నారు.