మట్టి పరీక్షకు బోరు వేసేటప్పుడు...

బోరు వేయడం మన సీమవాసులకు కొత్త కాదు. అయితే నీళ్ల కోసం వేసే బోరు వేరు, మట్టిలో విషముందేమో చూడడానికి వేసే బోరు వేరు.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. అక్కడి వ్యర్థాల చెరువు వల్ల బోరునీరు చెడి అరటి తోటలు దెబ్బతిన్నాయని 2018 ప్రాంతంలో కొట్టాల, కనంపల్లె రైతులు ఫిర్యాదు చేశారు. చెరువు కారణం కాదని సంస్థ చెప్పింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణకు 68 బోర్లు తలపెట్టగా చుట్టుపక్కల గ్రామాలవారు వ్యతిరేకించారు.

ఇలాంటి చోట నిజం తేల్చేది మట్టి, నీటి నమూనాలే. వాటిని సరిగా తీయకపోతే నిజం తెలియదు సరికదా, తీసినవారికే హాని కలగవచ్చు. దుమ్ము ముక్కు ద్వారా, మట్టి చేతుల నుండి నోటి ద్వారా శరీరంలో చేరుతుంది. యురేనియం ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఫలితం వచ్చేదాకా ఆ మట్టిని చెడ్డదిగానే భావించాలి.

1. తవ్వే ముందు నేల కింద కరెంటు తీగలు, పైపులు ఉన్నాయేమో తెలుసుకోవాలి.

2. చేతి తొడుగులు, బూట్లు, మాస్కు ధరించాలి. దుమ్ము తమ మీదికి రాకుండా, గాలి వచ్చే వైపున నిలబడాలి.

3. అనుమానం తక్కువగా ఉన్న చోట మొదలుపెట్టి, ఎక్కువగా ఉన్న చోట ముగించాలి. ప్రతి గుంతకూ పరికరాలు కడగాలి. లేకుంటే ఒకచోటి మట్టి మరోచోట అంటుకుని ఫలితం తప్పుతుంది. పోల్చి చూడడానికి దూరపు పొలం మట్టి కూడా తీయాలి.

4. శుభ్రమైన డబ్బాలో నింపి, స్థలం, లోతు, తేదీ రాసి సీలు వేయాలి. చేతులు మారినప్పుడల్లా సంతకం ఉండాలి.

5. పని ముగియగానే బోరును సిమెంటుతో పూడ్చాలి. తెరిచి వదిలితే పైనున్న విషం వాననీటితో భూగర్భ జలంలోకి దిగుతుంది. పిల్లలు పడిపోయే ప్రమాదమూ ఉంది.

6. అక్కడ తినడం, బీడీ తాగడం, వక్కాకు వేసుకోవడం వద్దు. సబ్బుతో చేతులు, ముఖం కడగాలి. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలపక విడిగా ఉతకాలి.

మీ ఊరికి నమూనాలు తీయడానికి వస్తే పిల్లలను, పశువులను దూరంగా ఉంచండి. ఏ ల్యాబుకు పంపుతారో, ఫలితం ఎప్పుడు చెబుతారో అడగండి. అది మీ హక్కు. మీ అంతట మీరే పారతో తవ్వి తీసుకురావద్దని మా మనవి. అలాంటి పనికి కూలికి వెళ్లినవారు డాక్టరుగారిని కలిసినప్పుడు ఆ మాట తప్పక చెప్పండి.