పద్దెనిమిదో సెకను

"చెప్పండమ్మా, ఏంటి ఇబ్బంది?" అని అడిగిన డాక్టరుగారు మన మాటకు అడ్డుపడటానికి ఎంతసేపు పడుతుంది? అమెరికాలో హోవార్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు సంభాషణలను రికార్డు చేసి మరీ ఈ లెక్క తీశారు. 1984లో వాళ్లు ప్రచురించిన జవాబు: సగటున 18 సెకన్లు.

మొత్తం 74 సంభాషణలు. చెప్పాలనుకున్నది చివరిదాకా చెప్పుకునే వీలు దొరికింది 17 మందికి. 51 మందిని డాక్టరు మధ్యలోనే ఆపి, తనకు ముఖ్యమనిపించిన ప్రశ్న వైపు మళ్లించారు. ఆ 51 మందిలో తెగిన మాటను మళ్లీ అందుకుని పూర్తి చేయగలిగింది ఒక్కరంటే ఒక్కరు. అందరూ ఆ 18 గురించే మాట్లాడతారు గానీ, నన్ను కలవరపెట్టింది ఈ 1.

తెగిన ఆ ముక్కలో ఏముంటుందో ఊహించండి. ఒక పెద్దావిడ మొదలుపెట్టింది: "మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్లామండీ, విడిదింట్లో మేడ మెట్లెక్కుతుంటే..." డాక్టరుగారికి వెనక క్యూ కనిపిస్తోంది. "పెళ్లి సంగతి సరేనమ్మా, కడుపులో మంట ఎన్నాళ్ల నుంచి?" ఆవిడ బుద్ధిగా మంట గురించి చెప్పి, చీటీ తీసుకుని వెళ్లిపోయింది. మెట్ల మీద గుండె పట్టేసినట్టయిన సంగతి ఆవిడతోనే ఇంటికెళ్లింది. మనవాళ్లు అసలు విషయాన్ని తిన్నగా చెప్పరు. పెళ్లి దగ్గరో ప్రయాణం దగ్గరో ఎత్తుకుని, చుట్టూ తిరిగి అక్కడికొస్తారు. ఆఫీసులో మాత్రం వేరా? "సార్, నిన్న గోడౌన్ నుంచి ఫోనొచ్చింది, అక్కడ..." "అర్థమైంది, రేపటికల్లా సరుకు పంపించేయమను." మన ఆఫీసుల్లో "అర్థమైంది" అనేది చాలాసార్లు కత్తెర పనే చేస్తుంది.

"వదిలేస్తే గంటసేపు సొద చెబుతారండీ" అంటారు. దీన్నీ కొలిచారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో డాక్టర్లు రోగికి తెలియకుండా స్టాప్‌వాచ్ నొక్కి, అడ్డుపడకుండా విన్నారు. 2002లో వెలువడిన ఆ లెక్క ప్రకారం 335 మంది మాట్లాడిన సగటు సమయం 92 సెకన్లు. సగం మంది ఒక్క నిమిషంలోపే ముగించారు, 78 శాతం మంది రెండు నిమిషాల్లోపు. 5 నిమిషాలు దాటినవాళ్లు ఏడుగురే. వాళ్లు చెప్పింది అవసరమైన సంగతేనని డాక్టర్లే ఒప్పుకున్నారు.

ఇక్కడ మన డాక్టర్ల తరఫున ఒక మాట చెప్పాలి. 67 దేశాల లెక్కలు కూర్చి 2017లో అచ్చయిన పరిశీలనలో ప్రాథమిక వైద్యుడు ఒక రోగికిచ్చే సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో దాదాపు 2 నిమిషాలు. రెండు నిమిషాల్లో 92 సెకన్లు వినడానికే పోతే చూసేదెప్పుడు, రాసేదెప్పుడు? ఓపిక పట్టండని ఆయనకు నీతులు చెప్పి లాభం లేదు. కానీ ఏసీ గదిలో గంట మీటింగు పెట్టే మేనేజరుకు ఈ సాకు చెల్లదు.

అడ్డుపడటం వట్టి పొగరు కూడా కాదు. పది భాషల సంభాషణలను పోల్చి చూస్తే, ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి మధ్య ఎడం సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. ఒక్క పదాన్ని మెదడులో సిద్ధం చేసుకుని నోటితో అనడానికేమో 600 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే ఎదుటివాడి వాక్యం ముగియకముందే మన జవాబు పొయ్యి మీదకెక్కుతుంది. అది ఉడుకుతుంటే చెవి సగమే పనిచేస్తుంది.

వినేవాడు పరధ్యానంలో ఉంటే చెప్పేవాడి కథా చెడుతుంది. కెనడాలో జానెట్ బావెలస్ బృందం 2000లో దీన్ని చూపించింది. తృటిలో తప్పిన ప్రమాదం గురించి ఒకరు చెబుతుంటే, వినేవాళ్లను "టి" అక్షరంతో మొదలయ్యే మాటలు లెక్కపెట్టమన్నారు. పాపం, చెప్పేవాళ్లు సరిగ్గా పట్టులోకి వచ్చే చోట తడబడి, చెప్పిందే చెప్పి చతికిలబడ్డారు. ఊఁ కొట్టేవాడు లేకపోతే కథ నడవదని మన అమ్మమ్మలకు ముందే తెలుసు. ల్యాప్‌టాప్‌లో మెయిల్ చూసుకుంటూ "నువ్వు చెప్పు, వింటున్నా" అనే బాసు ముందు ఎవరికైనా ఇదే గతి.

అడిగే తీరులోనూ కిటుకుంది. 2007లో అమెరికాలో జాన్ హెరిటేజ్ బృందం డాక్టర్లతో ఒకే ప్రశ్నను రెండు రకాలుగా అడిగించింది. ఒకదాంట్లో "లేదు" అనే జవాబు వైపు మొగ్గే చిన్న పదం, ఇంకోదాంట్లో "ఉంది" వైపు మొగ్గే పదం. అంతే తేడా. ఒకటికి మించి ఇబ్బందులతో వచ్చినవాళ్లలో మొదటి ప్రశ్నకు 53 శాతం, రెండోదానికి 90 శాతం మంది ఉందన్నారు. అలాగని డాక్టరు సమయమేమీ పెరగలేదు. "ఇంకేం లేవుగా?" అంటూ మీటింగు ముగించేవాళ్లు ఆ "గా"ను ఓసారి తడిమి చూసుకోవాలి. "ఇంకా ఏమున్నాయి?" అని అడిగితే నోళ్లు తెరుచుకుంటాయి.

విన్నాక చేయాల్సిన పని కూడా ఒకటుంది. అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల వైద్య విభాగాల్లో షిఫ్టు మారేటప్పుడు రోగులను అప్పగించడానికి "ఐ-పాస్" అనే అయిదు మెట్ల పద్ధతి పెట్టారు. చివరి మెట్టు పూర్తిగా వినేవాడిదే: విన్నదాన్ని తన మాటల్లో తిరిగి అప్పజెప్పాలి. 2014లో ఫలితాలొచ్చాయి. ఆసుపత్రిలో 10,740 చేరికల లెక్కలు చూస్తే వైద్యంలో పొరపాట్లు 23 శాతం, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గాయి. దీంతోపాటు ఇచ్చిన శిక్షణ, రాతపని మార్పులు కూడా ఉన్నాయి కనుక ఘనతంతా ఆ చివరి మెట్టుదే అనలేం. అప్పగింతకు పట్టే సమయం మాత్రం ఒక్కో రోగికి అంతకుముందు 2.4 నిమిషాలు, తర్వాత 2.5. తేడా 6 సెకన్లు.