ఒక్క ఆది... వంద చీరలు!

ఆది జాకెట్టు లేకుండా టైలరు దగ్గరికి వెళ్లేవాళ్లు మనలో ఎంతమంది? ఆది ఇచ్చేసి 'మెడ కాస్త దించండి, చేతులు మోచేతిదాకా పెట్టండి' అని మార్పులు మాత్రం చెబుతాం. మిగతాదంతా ఆది ప్రకారమే. సొంతంగా వెబ్‌సైటు తయారుచేసుకునే బిల్డర్లలో 'కాంపొనెంట్' అనేది సరిగ్గా ఇలాంటి ఆదే! మెడ, చేతుల్లా మార్చుకోగల వివరాలే దాని 'ప్రాపర్టీలు'.

తేడా ఒక్కటుంది. ఆది మార్చినంత మాత్రాన ఇదివరకు కుట్టిన జాకెట్లు మారవు. కాంపొనెంటును ఒకచోట సవరిస్తే అది వాడిన ప్రతి పేజీలోనూ మారిపోతుంది. వెబ్‌ఫ్లోలో వీటిని కాంపొనెంట్లనే అంటారు. వర్డ్‌ప్రెస్‌లో 2018లో 'రీయూజబుల్ బ్లాక్స్'గా వచ్చి, 2023లో 'సింక్డ్ ప్యాటర్న్స్' అని పేరు మార్చుకున్నాయి. 2024 జులైలో వచ్చిన 6.6 వెర్షన్ నుంచి ఆకారం ఒకటే ఉంచి, మనం అనుమతించిన అక్షరాలు, బొమ్మలు మాత్రం ఎక్కడికక్కడ మార్చుకునే వీలు కలిగింది.

ఇంత సౌకర్యం ఉంటే ఇంకా కష్టమేమిటంటారా? ప్రాపర్టీలు మరీ ఎక్కువైపోవడమే!

ఇరవై రెండు గళ్లు

తెనాలిలో మా తోటికోడలు ఇంటి దగ్గరే మంగళగిరి నూలు చీరలు అమ్ముతుంది. డబ్బిచ్చి ఒకరిచేత సైటు చేయించుకుంది. ఒక్కో చీరకు ఒక్కో కార్డు, ఒక్కో కార్డుకు 22 గళ్లు. వాటి పేర్లేమో 'టెక్స్ట్ 1', 'టెక్స్ట్ 2'! 'అక్కా, ఇవి నింపేలోపు రెండు చీరలు అమ్ముకోవచ్చు' అని వాపోయేది. 'జాకెట్టు ముక్క' అన్న గడిలో 'ఉంది' అని ముందే పెట్టేసి ఉంది. ముక్క లేని చీరకూ ఆ మాట అలాగే ఉండిపోయింది. కొన్నావిడ చీర తిప్పి పంపింది. రానూపోనూ కొరియరు ఖర్చు మా తోటికోడలే భరించింది. అయినా ఆ పాత ఖాతాదారు మళ్లీ ఫోను చెయ్యలేదు.

నోటుపుస్తకంతో మొదలు

ఇద్దరం కూర్చుని 22 గళ్లనూ నోటుపుస్తకంలో రాశాం. ఒక్కోదాన్నీ 'ఇది చీర చీరకీ మారుతుందా?' అని అడిగాం. అక్షరాల సైజు, గీత రంగు, నీడ... ఇలాంటివి 8 తేలాయి. అవి అన్ని కార్డులకూ ఒకటే. వాటిని కాంపొనెంటులోనే స్థిరంగా ఉంచి, గళ్లు తీసేశాం.

'కొత్తది', 'తగ్గింపు', 'అయిపోయింది' అని అవును-కాదు మీటలు 3 ఉన్నాయి. మూడు మీటలంటే 8 రకాల కలయికలు. 'కొత్తది', 'అయిపోయింది', 'తగ్గింపు' మూడూ ఒకే చీర మీద వెలిగితే చూసేవాళ్లేమనుకుంటారు? వాటి బదులు 'స్థితి' అని ఒక్క గడి పెట్టి, నాలుగింట్లో ఒకటి ఎంచుకునేలా చేశాం: మామూలు, కొత్తది, తగ్గింపు, అయిపోయింది. ఉతికే పద్ధతికి బొమ్మ ఒకటి, రాత ఒకటి ఉండేవి. ఆ రెండింటినీ విడిగా చిన్న కాంపొనెంటుగా చేసి కార్డులో అమర్చాం. చివరికి మిగిలినవి పది: పేరు, రకం, రంగు, అంచు, పొడవు, జాకెట్టు ముక్క, ధర, స్థితి, ఫొటో, లింకు. 'టెక్స్ట్ 1' పోయి 'అంచు' వచ్చాక ఎవరినీ అడగక్కర్లేకుండా తనే నింపుకుంటోంది.

ఇవి గుర్తుంచుకోండి

* ముందే నింపి ఉండే విలువను డీఫాల్ట్ అంటారు. కొనేవాళ్లకు మాట ఇచ్చినట్టయ్యే గడిలో 'ఉంది' అని డీఫాల్ట్ పెట్టకండి. 'వివరం రాయాలి' అని పెడితే మరిచిన సంగతి కంటికి కనిపిస్తుంది.

* గళ్లను నింపే వరసలోనే అమర్చండి. చీర వివరాలన్నీ ఒకచోట, ధర, స్థితి ఒకచోట.

* ఒక ప్రాపర్టీని తీసేస్తే కార్డుల్లో అప్పటికే నింపిన వివరం పోవచ్చు. ముందు సైటుకు నకలు తీసి, దానిమీద చేసి చూడండి.

* ఒక్క కార్డు తేడాగా కావాలని దాన్ని కాంపొనెంటు నుంచి విడదీయకండి. ఆ తర్వాత చేసే సవరణలేవీ దానికి అందవు.

* సరుకు వందల్లో ఉంటే ఇంకో దారి ఉంది. వివరాలన్నీ ఒక పట్టికలో ఉంచితే కార్డులు వాటంతటవే నిండుతాయి. వెబ్‌ఫ్లోలో ఆ పట్టికను 'కలెక్షన్' అంటారు.

అన్నీ అయ్యాక, సైటు ఎప్పుడూ ముట్టుకోని ఇంట్లోవాళ్లను పిలిచి ఒక చీర కార్డు నింపమనండి. మీరు పక్కన నిలబడి చూడండి, నోరు మాత్రం విప్పకండి. ఎక్కడ వాళ్ల చెయ్యి ఆగుతుందో ఆ గడికి పేరైనా మార్చాలి, ఆ గడినైనా తీసెయ్యాలి.