మూలమునకు దూరమైన వివరణగ్రంథములు

మూలమొకచోటను వ్యాఖ్య వేఱొకచోటను నున్నచో నధ్యేత పడు నిడుమలు పండితులకుఁ దెలియనివి గావు. కంప్యూటర్ ప్రోగ్రాములయం దిట్టి వియోగ మొకటి సంభవించినది. దానికిఁ గారణము తాళపత్రముల శైథిల్యము గాదు, ఒక యనుమతిపత్రము.

1983లోఁ బ్రకటింపఁబడిన గ్నూ ప్రణాళిక ప్రోగ్రాములను ఎవ్వరైనను వాడుకొనవచ్చును, పరిశీలింపవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. వీని వివరణగ్రంథములకై 2000లో వేఱొక యనుమతిపత్రము వెలువడినది. దానినిబట్టి గ్రంథకర్త కొన్ని ప్రకరణములను మార్పరానివిగా నిర్ణయింపవచ్చును. విషయమును బోధించు భాగముల కీ కట్టుబాటు లేదు. కర్త యభిప్రాయాదులను దెలుపు భాగములకే కలదు. పాఠములను వ్రాయుటకును సవరించుటకును వాడఁబడు ఈమాక్స్ ప్రోగ్రాము వివరణగ్రంథమున, 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రచురించిన గ్నూ ప్రకటన యిట్టి ప్రకరణము.

1993లో నారంభమైన డెబియన్ అను స్వతంత్ర వ్యవస్థ, తనయందుఁ జేరు ప్రతి వస్తువును మార్చుకొనుటకు వీలుండవలెనని నియమము చేసికొన్నది. ఈ నియమము ప్రోగ్రాములకే కాక గ్రంథములకును జెల్లునని 2004 నాఁటి సవరణ స్పష్టపఱచెను. 2006 మార్చిలో సభ్యులు సమ్మతులిచ్చి, మార్పరాని భాగములు లేని గ్రంథములు స్వతంత్రములనియు, అవి కలవి కావనియు నిర్ణయించిరి. ఈమాక్స్ వివరణగ్రంథము మొదలగునవి ‘అస్వతంత్ర’ విభాగమునకుఁ దరలింపఁబడెను. నిబంధన ననుసరించి యా విభాగము డెబియన్‌లోని భాగము గాదు. కావున నీమాక్స్‌ను దెచ్చుకొన్నవానికి దాని వివరణము వెంట రాదు. ఆ విభాగమును దాను ప్రత్యేకముగాఁ జేర్చుకొనవలెను.

ఇరుపక్షములును స్వాతంత్ర్యమునే కోరినవి. అభిప్రాయము కర్త సాక్ష్యమనియు, దానిని మార్చుట యుపయోగము గాదనియు గ్నూ పక్షము. గ్రంథమునుండి యొక చిన్న సంగ్రహము చేయువాఁడు సైతము దీర్ఘవ్యాసమును మోయవలసివచ్చుట స్వాతంత్ర్యము గాదని డెబియన్ పక్షము. సాక్ష్యమును గాపాడవలెనను కోరిక యుక్తమే. అయినను వ్యాసమును గ్రంథమునుండి విడదీయరాదని పెట్టిన కట్టుబాటే గ్రంథమును దన ప్రోగ్రామునుండి విడదీసినది. అనుమతిపత్రమును వ్రాయువారు, దేనిని రక్షింపఁదలఁచిరో దాని నిమిత్తము చదువరి కేమి దూరమగునో ముందుగా విచారించుట మేలు.