వాటాకో పార

కాలువ నీళ్లకు వాటాదారులు ఎందరైనా ఉండొచ్చు. పూడిక తీసే రోజున పార పట్టుకుని ఎందరొస్తారన్నదే అసలు లెక్క. కొలరాడో నుంచి కేసీ కెనాల్ దాకా ఉన్న ఆ లెక్క రేపు ఝరాసంగానికీ అవసరమే!

‘‘అన్నా, నా మడి నిండింది. మడవ తిప్పుకో!’’

చెరువు కింద వరి పండే ఊళ్లలో అర్ధరాత్రి వినబడే మాట ఇది. ఒకాయన టార్చిలైటు గట్టు మీద పెట్టి, పారతో నాలుగు పెళ్లల మట్టి తీసి తన మడి నోట్లో కొడతాడు. పక్క పొలం ఆయన తన గట్టుకు గండి తెరుస్తాడు. పిల్లకాలువలో నీళ్లు ఒక్క క్షణం తచ్చాడి దారి మార్చుకుంటాయి. టీఎంసీల లెక్కలన్నీ చివరికొచ్చి ఆగేది ఈ నాలుగు పెళ్లల మట్టి దగ్గరే.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పక్కనున్న ఝరాసంగానికి పేరులోనే ఝర ఉంది. కేతకీ సంగమేశ్వరాలయంలో గుండం ఉంది. శివుడికి పెట్టకూడదనే మొగలిపువ్వు, అదే కేతకి, ఇక్కడి శివుడికి ఇష్టం. కానీ గుడి దాటి చేలలోకి వెళితే వానే దిక్కు. జొన్న, కంది, శనగ వాన మీద పండుతాయి. బోరున్న చోట చెరకు, అల్లం, ఆలు. నారింజ వాగు కర్ణాటక దారి పడుతుంది. మంజీర మీద దాదాపు 30 టీఎంసీల సింగూరు ఉన్నా, అది ప్రధానంగా హైదరాబాద్ గొంతు తడపడానికి కట్టింది.

ఆ సింగూరు నుంచి నీళ్లు ఎత్తిపోస్తామంటూ 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన చేశారు. సంగమేశ్వర కింద జహీరాబాద్, సంగారెడ్డి, అందోలు నియోజకవర్గాల్లో 2.19 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని లక్ష్యం. కాలువ ఎటు పోతుంది, పంపులెన్ని... వీటి మీద మాటలు చాలానే నడిచాయి. కాలువ వచ్చాక మడవ ఎవరు తిప్పాలన్నది మాత్రం ఇంకా ఎవరూ ఎత్తని మాట.

కాలువకు షేర్లు

అమెరికాలో కొలరాడో, యూటా లాంటి రాష్ట్రాల్లో రైతులు కాలువను కంపెనీ చేసుకున్నారు. వందేళ్లు దాటిన ఇలాంటి కంపెనీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. లాభం పంచడానికి కాదు, నీళ్లు పంచడానికే ఇవి పుట్టాయి. కంపెనీకి వంద షేర్లుంటే, పది షేర్లున్న రైతుకు కాలువలో పారే నీళ్లలో పదో వంతు. నీళ్లు తగ్గితే అందరి వంతూ ఆ లెక్కనే తగ్గుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి పూడికకు, గేట్ల మరమ్మతుకు, జీతాలకు ఎంతవుతుందో లెక్కేసి షేరుకు ఇంతని వసూలు చేస్తారు. అది కట్టనివాడి గేటు తెరుచుకోదు. నీళ్లు వదిలే మనిషిని ‘డిచ్ రైడర్’ అంటారు. ఒకప్పుడు గుర్రమెక్కి కాలువ వెంట తిరిగేవాడు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు తిరిగేది పికప్ ట్రక్కులో.

ఈ ఏర్పాటులో ఒక చిల్లు ఉంది. షేరును అమ్ముకోవచ్చు. కొలరాడోలోని క్రౌలీ కౌంటీలో ఒకప్పుడు 50 వేల ఎకరాలకు పైగా తడిసేది. 1970, 80లలో నగరాలు షేర్లు కొనుక్కుంటూ పోయాయి. నీళ్లు పైపుల్లోకెక్కాయి, చాలా భూమి పడావు పడింది. అమ్మిన రైతుకు డబ్బొచ్చింది. అమ్మనివాడికి ఎండిన ఊరు మిగిలింది.

మన నీరడి

డిచ్ రైడర్ చేసే పని తెలంగాణకు కొత్తకాదు. చెరువు తూము తీసేది, మూసేది, కట్టకు బుంగ పడిందేమోనని వానరాత్రి గోనెసంచి కప్పుకుని తిరిగేది నీరడి. కోతలయ్యాక కల్లం దగ్గర రైతులు కొలిచిచ్చే గింజలే అతని జీతం. కొసకున్న మడి పండకపోతే అతని గంపలోనూ ఆ మేరకు తగ్గేది. అందుకే తూము దగ్గర పెద్ద రైతు కేకలేసినా కొసకు నీళ్లు తీసుకుపోవాల్సిన అవసరం అతనికుండేది. అయితే ఈ మాట చెప్పి మురిసిపోవడమూ సరికాదు. నీరడి ఎక్కువగా దళిత కుటుంబాలవాడు. ఊరికి నీళ్లు పంచిన చేతికి రచ్చబండ మీద చోటు దొరకని ఊళ్లే ఎక్కువ.

చెరువు నిండని ఏడు యాసంగిలో ఎంత మేర నాటేయాలో ముందే తేల్చేవారు. నిజాం కాలపు రికార్డుల్లో దాని పేరు తైబందీ. వానాకాలపు వరికి ఆబి, యాసంగి వరికి తాబి అన్న పేర్లూ ఆనాటివే. పారసీలో ‘ఆబ్’ అంటే నీళ్లు. స్పెయిన్‌లోని వలెన్సియాలోనూ నీళ్ల మాట అరువుదే; కాలువను ‘అసేకియా’ అంటారు. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ ఎనిమిది కాలువల ప్రతినిధులు ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు కూర్చుని నీళ్ల తగాదాలను నోటిమాట మీదే తీరుస్తారు. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన రచ్చబండకు ఆ యోగం పట్టలేదు.

లండన్‌లో వాటాదారులు

తెలుగునేల మీదా ఒక షేర్ల కాలువ ఉండేది. 1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. ఆర్థర్ కాటన్ దానికి గట్టి సమర్థకుడు. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి సర్కారు పూచీ పడింది. ఆ డబ్బుతో తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కడప దాకా తవ్విందే కర్నూలు-కడప కాలువ. మన కేసీ కెనాల్. కాలువ పారింది. లెక్క పారలేదు. ఖర్చు తడిసి మోపెడైంది. నల్లరేగడిలో మెట్ట పంటలు వేసే రైతు డబ్బు కట్టి నీళ్లు కొనడానికి ముందుకు రాలేదు. 1882లో సర్కారే కాలువను కొనేసింది. నీళ్లు కర్నూల్లో, వాటాదారు లండన్లో. కాలువ నిండినా ఎండినా అతని వడ్డీకి ఢోకా లేదు.

అదే 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఒక చట్టం వచ్చింది. చెరువు, కాలువ పనులకు ఊరివాళ్లు ఆనవాయితీగా చేసే చాకిరీని అది తప్పనిసరి చేసింది. అంటే, షేరు ఒకరికిచ్చి, పార మరొకరికిచ్చారన్నమాట!

ఓటు వచ్చింది... తాళంచెవి?

1997లో ఉమ్మడి రాష్ట్రం రైతుల యాజమాన్య చట్టం తెచ్చింది. ఆ జూన్‌లో 10,292 నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. అమెరికా కంపెనీలో షేర్లను బట్టి ఓట్లు. ఇక్కడ ఎకరమున్నా పదెకరాలున్నా ఒక్కటే ఓటు. ఆ మేరకు మనదే మెరుగు. కానీ నీటి తీరువా రెవెన్యూ శాఖ లెక్కగా, నీళ్లు వదలడం ఇంజినీర్ల మాటగానే మిగిలాయి. సంఘం చేతికి వచ్చింది ఎక్కువగా మరమ్మతు పనులు. పనులంటే బిల్లులు, బిల్లులంటే కాంట్రాక్టర్లు.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మాత్రం పాత లెక్క కొంత కళ్లబడింది. 46,531 చెరువులు, కుంటల పునరుద్ధరణ లక్ష్యం. యంత్రాలు తవ్విన పూడికమట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో చేలకు తోలుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. మట్టి తన చేనుకు పనికొస్తుందని తెలిస్తే రైతు పార తనే పడతాడు.

నీళ్ల కంటే ముందు

ఝరాసంగం చుట్టుపక్కల ఒక తరం బోరుతోనే సేద్యం నేర్చింది. బోరుకు పక్కవాడితో పనిలేదు. స్విచ్ మనదే, నీళ్లూ మనవే. కిందున్న ఊట అందరిదన్న సంగతి పక్కవాడి బోరు ఎండినప్పుడే గుర్తొస్తుంది. కాలువ సేద్యం అలా కుదరదు. పైవాడు మడవ తిప్పితేనే కిందివాడికి పంట.

ఏ మడి వంతు ఏ రోజు? రాత్రి వంతు ఎవరికి? నీళ్లు తగ్గితే చెరకు ఆగాలా, జొన్నకు తడివ్వాలా? పూడికకు ఎకరాకు ఎంత? వంతు తప్పినవాడికి జరిమానా వేసేదెవరు? ఇవి ఇంజినీరు గీసే నక్షాలో ఉండవు. ఊరు కూర్చుని రాసుకోవాలి, అదీ కాలువ తవ్వకముందే. నీళ్లొచ్చాక చూద్దామనుకుంటే, అప్పటికే తూము దగ్గరాయన వరినారు పోసేసి ఉంటాడు.