గండం గడిచిన సిటీ కాలేజీ

ట్రాలీ కార్లలో తిరుగుతూ మొదలైన చదువు, గుర్తింపు రద్దు దాకా వెళ్లి బయటపడింది. చదువు ఎవరి కోసమన్న ప్రశ్న మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోను వదల్లేదు

విద్యార్థులున్నారు, అధ్యాపకులున్నారు. లేనిదల్లా భవనమే. 1935లో శాన్‌ఫ్రాన్సిస్కో జూనియర్ కాలేజీ మొదలైనప్పటి పరిస్థితి అది. నగరంలో ఎక్కడ ఖాళీ గదులు దొరికితే అక్కడే క్లాసులు. ఒక పాఠం ముగియగానే విద్యార్థులు ట్రాలీ కారెక్కి రెండో పాఠానికి ఊరి ఇంకో కొసకు పరుగెత్తాలి. దాంతో జనం దానికి 'ట్రాలీ కారు కాలేజీ' అని పేరు పెట్టేశారు.

జూనియర్ కాలేజీ అంటే మన ఇంటర్మీడియెట్ కాలేజీ కాదు. డిగ్రీలో మొదటి రెండేళ్లు చెప్పే చోటు. అక్కడ చదివి, మూడో ఏడాదికి యూనివర్సిటీలో చేరొచ్చు. లేదంటే ఏదో ఒక పని నేర్చుకుని ఉద్యోగంలో చేరొచ్చు. అది మహామాంద్యం కాలం. యూనివర్సిటీకి పంపే స్తోమత ఇళ్లలో లేదు, బయట ఉద్యోగాలూ లేవు. అలాంటి రోజుల్లో తొలి అధ్యక్షుడు ఆర్చిబాల్డ్ క్లౌడ్ చేతిలోకి తొలి ఏడాదే వెయ్యి మందికి పైగా వచ్చారు. మరుసటి ఏడాదే హోటల్, రెస్టారెంటు నిర్వహణలో కోర్సు మొదలైంది. ఓషన్ అవెన్యూలో సొంత భవనం 1940లో గానీ సిద్ధం కాలేదు. 1948లో కాలేజీ పేరు సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కోగా మారింది.

చోటు కొరత ఆ కాలేజీని అంత తేలిగ్గా వదల్లేదు. మెక్సికో చిత్రకారుడు డియెగో రివెరా 1940లో ట్రెజర్ ఐలాండ్ ప్రదర్శనలో జనం చూస్తుండగా 22 అడుగుల ఎత్తు, 74 అడుగుల పొడవున్న కుడ్యచిత్రం వేశారు. అది కాలేజీ లైబ్రరీకి ఉద్దేశించింది. యుద్ధం వచ్చి లైబ్రరీ నిర్మాణం ఆగింది. చిత్రం ఇరవై ఏళ్లు పెట్టెల్లోనే ఉండిపోయి, 1961లో కాలేజీ థియేటర్ గోడకెక్కింది.

అందరికీ ప్రవేశం

బే ఏరియా అనగానే తెలుగువారికి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, సిలికాన్ వ్యాలీ గుర్తొస్తాయి. అక్కడికి ఇక్కడి నుంచి వెళ్లేవారు మార్కుల వడపోతలో నెగ్గినవారు. సిటీ కాలేజీలో ఆ వడపోతే లేదు. 18 ఏళ్లు నిండిన వాళ్లెవరైనా చేరొచ్చు. పగలు హోటల్లో పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చేవాళ్లుంటారు. నర్సింగ్, విమానాల మరమ్మతు, వంట నేర్చుకునేవాళ్లుంటారు. చైనా నుంచో మెక్సికో నుంచో వచ్చి, ఇంగ్లిషు అక్షరాల దగ్గర మొదలుపెట్టేవాళ్లుంటారు. వలసదారులకు ఇంగ్లిషు నేర్పే విభాగం ఆ కాలేజీలో అన్నిటికంటే పెద్దవాటిలో ఒకటి.

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ చదువు చాలా కాలం ఉచితమే. 1984లో యూనిట్‌కు 5 డాలర్ల ఫీజు పెట్టడంతో ఆ శకం ముగిసింది. ఆ అయిదూ పెరుగుతూ పెరుగుతూ 2012 నాటికి 46 డాలర్లయింది.

లెక్కల దెబ్బ

అసలు దెబ్బ 2012లో తగిలింది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత రాష్ట్రం నిధులు కోస్తూ వచ్చింది. కాలేజీ మాత్రం క్లాసులూ కేంద్రాలూ మూయకుండా, బడ్జెట్‌లో సింహభాగం జీతభత్యాలకే ఖర్చు పెడుతూ నెట్టుకొచ్చింది. నిల్వ నిధులు అడుగంటాయి. గుర్తింపునిచ్చే పశ్చిమ రాష్ట్రాల కమిషన్ ఆ ఏడాది జులైలో తీవ్ర హెచ్చరిక చేసింది. ఏడాది తర్వాత, 2014 జులై 31 నుంచి గుర్తింపు రద్దవుతుందని ప్రకటించింది. గుర్తింపు లేని కాలేజీకి ప్రభుత్వ సాయం అందదు, దాని మార్కులు మరెక్కడా చెల్లవు. అంటే తాళం వేసినట్టే.

విచిత్రమేమిటంటే కమిషన్ ప్రధాన అభ్యంతరాలు పాఠాల మీద కాదు, పాలన మీద, ఖాతాల మీద. రాష్ట్రం, ఎన్నికైన పాలకమండలి అధికారాలు తీసేసి ప్రత్యేక ట్రస్టీని కూర్చోబెట్టింది. కాలేజీ లక్ష్య ప్రకటననే కుదించారు. డిగ్రీలు, యూనివర్సిటీ ప్రవేశాలు, ఉద్యోగ సర్టిఫికెట్లు, ప్రాథమిక నైపుణ్యాలు ముందుకొచ్చాయి. ఏ డిగ్రీ కోసమూ కాకుండా నేర్చుకోవడానికే వచ్చే పెద్దవాళ్ల చదువు వెనక్కి పోయింది. కాలేజీ మూతపడుతుందేమోనన్న భయంతో విద్యార్థులు జారుకున్నారు. కొన్నేళ్లలోనే దాదాపు మూడో వంతు మంది తగ్గిపోయారు.

నగరం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హెచ్చరిక వచ్చిన నాలుగు నెలలకే, 2012 నవంబరులో, కాలేజీ కోసం స్థలానికి ఏటా 79 డాలర్ల చొప్పున పన్ను కట్టడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. 2013 ఆగస్టులో సిటీ అటార్నీ డెనిస్ హెరెరా కమిషన్ మీద కోర్టుకెక్కారు. కమిషన్ తనిఖీ బృందాల్లో అధ్యాపకులకు తగిన చోటివ్వలేదని అదే నెలలో ఫెడరల్ విద్యాశాఖ తప్పుపట్టింది. రద్దు అమలు కాకుండా 2014 జనవరిలో కోర్టు ఆపింది. మరుసటి ఏడాది న్యాయమూర్తి కర్టిస్ కార్నో, కమిషన్ తన నిర్ణయంలో చట్టాన్ని అతిక్రమించిందని తీర్పు చెప్పారు. చివరికి 2017 జనవరిలో కాలేజీకి ఏడేళ్ల పూర్తి గుర్తింపు దక్కింది.

ఆ ఏడాదే మరో మలుపు. 50 లక్షల డాలర్లు దాటిన ఆస్తుల అమ్మకంపై పన్ను పెంచడానికి 2016లో ఓటర్లు అంగీకరించారు. ఆ బలంతో 2017 ఆగస్టు నుంచి నగరవాసులకు చదువు ఉచితం చేశారు. 1984లో పోయింది 33 ఏళ్లకు తిరిగొచ్చింది.

ఉచితమైనంత మాత్రాన ఖాతాలు చక్కబడలేదు. తగ్గిన విద్యార్థులు పూర్తిగా తిరిగి రాలేదు. 2022లో పదుల సంఖ్యలో పూర్తికాల అధ్యాపకులను తొలగించాల్సి వచ్చింది. కమిషన్ లెక్కలు చూపి భయపెట్టింది నిజమే గానీ, ఆ లెక్కలు అబద్ధం కావని కూడా రుజువైంది.

భారత్‌కు ఇది దూరపు కథ కాదు. 1995లోనే పాండిచ్చేరి యూనివర్సిటీ కమ్యూనిటీ కాలేజీ పెట్టింది. సిటీ కాలేజీ మెడ మీద కత్తి వేలాడుతున్న 2013లోనే, కాకినాడ ఎంపీ పళ్లంరాజు మానవ వనరుల మంత్రిగా ఉండగా, యూజీసీ దేశమంతటా కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది. ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యాలే దాని ప్రధాన గురి. పేరు అమెరికా నుంచి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పేరును నిలబెట్టింది మాత్రం పథకం కాదు, కాలేజీ తమదనుకుని పన్ను కట్టడానికి ఒప్పుకున్న ఊరు.