లారీ అంత చీమలు, రెండు వేల యెన్ల గేమ్: పీఎస్2లో దాగిపోయిన ఒక మంచి ఆట

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, కొత్త లాంచ్ లేదు. ఇరవై ఏళ్లు దాటిన ఒక ప్లేస్టేషన్ 2 గేమ్ గురించి మాట్లాడుకుందాం. పేరు 'చిక్యూ బోయెగున్'. జపనీస్‌లో భూ రక్షణ దళం అని అర్థం. 2003లో జపాన్‌లో వచ్చింది, తర్వాత యూరప్‌లో 'మాన్‌స్టర్ ఎటాక్' అనే పేరుతో అమ్మారు. అమెరికాలో పీఎస్2 మీద ఈ గేమ్ రానేలేదు. అందుకే జపాన్ బయట చాలామందికి ఈ పేరు కూడా తెలీదు.

ముందు రేటు సంగతి చూద్దాం. డీ3 పబ్లిషర్ అనే కంపెనీ అక్కడ 'సింపుల్ 2000' అని ఒక సిరీస్ నడిపేది. ఏ గేమ్ అయినా 2000 యెన్లే. మామూలు పీఎస్2 గేమ్ రేటు అప్పట్లో దాదాపు దీనికి మూడు రెట్లు. ఆ సిరీస్‌లో ఇది 31వది. తయారు చేసింది శాండ్‌లాట్ అనే చిన్న స్టూడియో.

కథ ఒక్క లైన్. ఆకాశం నుంచి ఏలియన్స్ దిగుతారు, లారీ అంత చీమలు ఊళ్ల మీద పడతాయి. మీరు మామూలు సైనికుడు. చేతిలో రెండు ఆయుధాలు, బుల్లెట్లు అయిపోవడమనేది లేదు, రీలోడ్ చేసుకోవాలంతే. కనిపించిన ప్రతి పురుగునీ చంపితే మిషన్ పూర్తి.

మరి ఇందులో అంత గొప్పేముంది? డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వాళ్లకి బాగా తెలుసు. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని స్కోప్ కట్ చేయడం అంటాం. ఖరీదైన సినిమా సీన్లు లేవు. బిల్డింగుల లోపల గదులు లేవు. ఒకే చీమ మోడల్‌ని మళ్లీ మళ్లీ వాడారు. అలా మిగిల్చుకున్నదంతా రెండు విషయాల మీద పెట్టారు. ఒకటి, స్క్రీన్ నిండా శత్రువులు. రెండు, రాకెట్ తగిలితే కూలిపోయే బిల్డింగులు. మీరే ఊరిని కూల్చేసినా ఎవరూ పాయింట్లు కట్ చేయరు!

దీనికి ఒక ఖరీదు కూడా ఉంది. పీఎస్2లో మెయిన్ మెమరీ 32 ఎంబీ మాత్రమే. మీ ఫోన్‌లో ఒక్క యాప్ అంతకంటే ఎక్కువ తింటుంది. సెకనుకి 30 ఫ్రేములు చూపించాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైమ్ 33 మిల్లీసెకన్లు. ఆ కాస్త టైమ్‌లో ప్రతి చీమ ఎటు కదలాలి, ఏ బుల్లెట్ ఎవరికి తగిలింది, పొగ ఎంత లేచింది, అన్నీ లెక్కేయాలి. లెక్క పూర్తి కాకపోతే ఫ్రేమ్ లేటవుతుంది, ఆట నెమ్మదిస్తుంది. పెద్ద పేలుడు జరిగినప్పుడు సరిగ్గా ఇదే అవుతుంది. టెక్నికల్‌గా చూస్తే ఇది లోపమే. కానీ ఆడేవాడికి మాత్రం మన సినిమాలో హీరో ఎంట్రీ స్లో మోషన్‌లా ఉంటుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పాయింట్. చచ్చిన శత్రువుల దగ్గర డబ్బాలు పడతాయి. ఆకుపచ్చ డబ్బాలో ఆయుధం, ఎర్ర డబ్బాలో ఆర్మర్. ఎర్రది ఎన్ని ఏరితే మీ లైఫ్ అంత పెరుగుతుంది, అది ఎప్పటికీ మీదే. కానీ మిషన్ గెలిస్తేనే. మధ్యలో చచ్చిపోతే ఏరినవన్నీ పోతాయి. చివరి చీమ చచ్చిందా, మిషన్ ముగిసిపోతుంది, నేల మీద మిగిలిన డబ్బాలు కూడా పోతాయి. అందుకే ఆడేవాళ్లు ఒక్క చీమని బతకనిచ్చి, అది వెంటపడి తరుముతుంటే పరుగెత్తుతూ డబ్బాలు ఏరుకుంటారు. ఇంకొక్కటి తీసుకుందామా, చాలనుకుందామా? ఆ ఆశకీ భయానికీ మధ్యే అసలు మజా.

మన ఫోన్ గేమ్స్‌లో కూడా డబ్బాలు ఉంటాయి, ఏది దొరుకుతుందో లక్ మీదే ఉంటుంది. ఇక్కడా లక్కే. తేడా ఏంటంటే, ఇక్కడ షాప్ లేదు. ఎనర్జీ అయిపోయింది, నాలుగు గంటలు ఆగు అనే టైమర్ లేదు. మిషన్ కష్టమైతే పాత మిషన్‌కి వెళ్లి ఆర్మర్ పెంచుకుని రండి. కట్టేది టైమే, డబ్బు కాదు. ఫ్రీ అని రాసి ఉన్న ప్రతి గేమ్‌నీ ఈ లెక్కతో ఒకసారి చూడండి.

లోపాలు లేవని చెప్పను. టెక్స్చర్లు వెలిసిపోయినట్టుంటాయి. ట్యాంక్, హెలికాప్టర్ నడపడం చిరాకే. ఖాళీ మైదానంలో డబ్బాల కోసం తిరగడం కొందరికి బోర్ కొడుతుంది. కథ కావాలనుకునేవాళ్లకి ఇది సెట్ అవ్వదు. కానీ పక్కన ఫ్రెండ్ ఉంటే వేరే లెవల్. స్క్రీన్ రెండు ముక్కలవుతుంది, 'రేయ్ మామా, వెనకాల చూడ్రా' అని అరుచుకుంటూ ఆడొచ్చు. మీ రాకెట్ వాడికి కూడా తగులుతుంది, జాగ్రత్త!

ఆ చవక గేమే తర్వాత 'ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్' అనే పెద్ద సిరీస్ అయింది. ఆరో భాగం జపాన్‌లో 2022లో వచ్చింది, మిగతా దేశాలకి 2024లో. పాత డిస్క్ దొరకకపోతే స్టీమ్‌లో ఐదో భాగంతో మొదలుపెట్టండి. సేల్ వచ్చేదాకా ఆగండి, తొందరేం లేదు.

రివ్యూ స్కోర్ చూసి మీరు పక్కన పెట్టేసిన గేమ్ ఏదైనా, ఆడాక నచ్చిందా? దాని పేరు, ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.